గుంపు కట్టి లెక్కపెట్టడం

1854 వేసవిలో దక్షిణ లండన్‌ని కలరా పట్టుకుంది. జాన్ స్నో అనే వైద్యుడు మనిషి చనిపోయిన ఇంటికల్లా వెళ్లి ఒకే ప్రశ్న అడుగుతూ తిరిగాడు: ఈ ఇంటికి నీళ్లు ఏ కంపెనీవి? ఆ పేటల్లో రెండు కంపెనీల గొట్టాలు ఒకే వీధిలో నడిచేవి. ఒక ఇంటికి సదర్క్ అండ్ వాక్సాల్ నీళ్లు, పక్కింటికి లాంబెత్ నీళ్లు. లాంబెత్ కంపెనీ 1852లో నీళ్లు తోడే చోటుని లండన్ మురుగుకి ఎగువన ఉన్న థేమ్స్ డిటన్‌కి మార్చుకుంది. రెండో కంపెనీ మాత్రం బాటర్‌సీ దగ్గర, మురుగు కలిసిన నదిలోంచే తోడుతూ వచ్చింది.

చాలా ఇళ్లలో జవాబు దొరకలేదు. నీటి బిల్లు ఇంటి యజమాని కడతాడు. అద్దెకున్నవాళ్లకి కంపెనీ పేరుతో పనేముంది? స్నో ఆ ఇంటి నీళ్లు చిన్న సీసాలో పట్టుకుని, సిల్వర్ నైట్రేట్ కలిపి చూశాడు. లాంబెత్ నీళ్లలో గాలనుకి ఒక గ్రెయిన్ లోపే ఉప్పు. సదర్క్ నీళ్లలో దాదాపు 38 గ్రెయిన్లు. ఒక సీసాలో నీరు లీలగా తెల్లబడితే, ఇంకోదాంట్లో తెల్లటి మడ్డి దిగేది. మనుషులు చెప్పలేని కంపెనీ పేరు నీళ్లే చెప్పాయి.

ఇంత కష్టం పడింది పట్టికలో ఒకే ఒక కాలమ్ నింపడానికి. చనిపోయినవాళ్ల జాబితా రిజిస్ట్రార్ల దగ్గర ముందే ఉంది. మొత్తం ఎంతమంది పోయారో అందరికీ తెలుసు. ఎవరు ఏ నీళ్లు తాగి పోయారన్నదే తెలియదు. విచారణలో తేలినవాటితో స్నో 1855లో అచ్చువేసిన పట్టికలో ఏడు వారాల లెక్క ఇలా ఉంది: సదర్క్ కంపెనీ నీళ్లు వెళ్లే ఇళ్లు 40,046, అక్కడ కలరా చావులు 1,263. లాంబెత్ నీళ్లు వెళ్లే ఇళ్లు 26,107, అక్కడ చావులు 98.

1,263కి, 98కి మధ్య పదమూడు రెట్ల తేడా కనిపిస్తుంది. ఆ పదమూడు నిజం కాదు, ఎందుకంటే సదర్క్ వారికి ఇళ్లే ఎక్కువ. స్నో ప్రతి పదివేల ఇళ్లకి ఎన్ని చావులో లెక్కకట్టాడు: ఒకచోట 315, ఇంకోచోట 37. అంటే ఎనిమిదిన్నర రెట్లు. వాదానికి పదమూడే బాగా పనికొచ్చేలా కనిపించినా, ఆయన పోలిక పెట్టింది ఇళ్ల లెక్కతో సరిచేసిన అంకెతోనే.

ఈ అధ్యాయం అంతా ఆ పట్టిక చుట్టూనే తిరుగుతుంది. ఆఫీసులో, బడిలో, సంఘంలో ఎవరైనా 'ఎంతమంది' అని అడిగినప్పుడు నిజానికి నాలుగు సంగతులు తేలాలి. పట్టికలో ఒక వరస అంటే ఏమిటి (మనిషా, ఇల్లా, పరీక్ష పేపరా)? వరసల్ని ఏ గుంపులుగా విడగొట్టాలి? ఏ షరతు నెగ్గిన వరసల్ని లెక్కపెట్టాలి? ఆ గుంపులో మొత్తం ఎన్నిట్లో ఇన్ని? చాలామంది మూడోదాన్ని పట్టుకుని మిగతా మూడూ వదిలేస్తారు. అంకె వస్తుంది, మీటింగులో చదువుతారు, టీ తాగుతారు. ఆ అంకెని నమ్ముకుని తీసుకున్న నిర్ణయం ఆర్నెల్ల తర్వాత బెడిసికొడుతుంది.

షరతు మీదే కన్నేసి గుంపుని మరిచిపోతే ఎంత దూరం తప్పుతామో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం ఉదంతం చూస్తే తెలుస్తుంది. గణాంకశాస్త్రం పాఠాల్లో ఇంతగా నలిగిన ఉదాహరణ మరొకటి లేదేమో. అయినా చాలాచోట్ల ముగింపు మాత్రమే చెప్పి వదిలేస్తారు. అంకెలు ఒక్కొక్కటే చూస్తే గానీ దాని రుచి తెలియదు.

1973లో అక్కడి పీజీ కోర్సులకి సుమారు 8,442 మంది మగవాళ్లు, 4,321 మంది ఆడవాళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు. మగవాళ్లలో 44 శాతానికి సీటు వచ్చింది, ఆడవాళ్లలో 35 శాతానికే. తొమ్మిది శాతం తేడా అంత పెద్ద సంఖ్యల్లో కాకతాళీయంగా రాదు. పక్షపాతం జరిగిందనే ఎవరైనా అంటారు. పీటర్ బికెల్, యూజీన్ హామెల్, విలియం ఓకానెల్ అనే ముగ్గురు ఆ దరఖాస్తుల్ని శాఖలవారీగా విడగొట్టి, ఫలితాన్ని 1975లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. సీట్లు విశ్వవిద్యాలయం మొత్తంగా ఇవ్వదు, ఏ శాఖకి ఆ శాఖే ఇస్తుంది. పక్షపాతం ఉంటే శాఖలోనే కనిపించాలి.

ఆరు పెద్ద శాఖల అంకెలు ఇప్పటికీ 'ఆర్' అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. శాఖల పేర్లు దాచి ఏ, బీ, సీ అని అక్షరాలు పెట్టారు. ఏ శాఖలో 825 మంది మగవాళ్లలో 512 మందికి సీటు వచ్చింది, 62 శాతం. ఆడవాళ్లు 108 మందిలో 89 మందికి, 82 శాతం! బీ శాఖలో మగవాళ్లు 63 శాతం, ఆడవాళ్లు 68. సీలో 37, 34. డీలో 33, 35. ఈలో 28, 24. ఎఫ్‌లో 6, 7. ఆరింటిలో నాలుగు శాఖల్లో ఆడవాళ్లదే పైచేయి. మిగిలిన రెండింట్లో తేడా నాలుగు శాతం దాటలేదు.

ఇప్పుడు ఈ ఆరు శాఖల్నే కలిపేస్తే మగవాళ్లు 2,691 మందిలో 1,198 మంది, అంటే 45 శాతానికి కాస్త తక్కువ. ఆడవాళ్లు 1,835 మందిలో 557 మంది, 30 శాతం. విడగొడితే లేని తేడా కలపగానే ఎక్కడినుంచి ఊడిపడింది?

దరఖాస్తులు ఎవరు ఎక్కడ పెట్టారో చూస్తే ముడి వీడుతుంది. ఏ, బీ శాఖల్లో సీటు తేలిక, వందకి అరవై పైన వస్తాయి. మగవాళ్లలో సగానికి పైగా, 1,385 మంది, ఆ రెండు శాఖలకే దరఖాస్తు పెట్టారు. ఆడవాళ్లలో అక్కడ పెట్టినవాళ్లు 133 మంది, వందకి ఏడుగురు. తక్కినవాళ్లంతా మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా సీటు తేలికగా దొరకని శాఖల ముందు బారులు తీరారు. దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు, 1951లో ఎడ్వర్డ్ సింప్సన్ రాసిన వ్యాసాన్ని బట్టి.

ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. ఈ కథ విన్న కొందరు 'అయితే వివక్షే లేదన్నమాట' అని తీర్మానించేస్తారు. లెక్క అంతమాట అనలేదు. సీటు ఇచ్చే గదిలో ఆ ఏడాది ఆడవాళ్లకి అన్యాయం జరిగినట్టు కనబడలేదని మాత్రమే అంది. ఆడపిల్లలు తేలికగా సీటొచ్చే శాఖల వైపు ఎందుకు వెళ్లలేదు, బడిలో లెక్కల దగ్గర ఎవరు వెనక్కి లాగారు అనే ప్రశ్నలు ఈ పట్టికలోకి రావు. ఇంకో సంగతి: బీ శాఖలో ఆడవాళ్లు మొత్తం 25 మందే. సీటొచ్చిన 17 మందిలో ఇద్దరికి రాకపోయి ఉంటే 68 శాతం కాస్తా 60కి పడేది, మగవాళ్ల 63 కంటే కిందికి. చిన్న గుంపులో శాతం అంత తేలికగా ఊగుతుంది. అందుకే మంచి పట్టికలో శాతం పక్కన మనుషుల సంఖ్యా ఉంటుంది.

విడగొట్టి లెక్కపెట్టడం కంప్యూటర్‌తో పుట్టిన విద్య అనుకోనక్కర్లేదు. మన దేశంలో 1901 జనగణనలో ఒక్కో మనిషి వివరాలు ఒక్కో చీటీ మీదికి ఎక్కించే పద్ధతి తెచ్చారు. చీటీ రంగు మతాన్ని చెప్పేది, దానిమీది గుర్తు ఆడో మగో, పెళ్లయిందో లేదో చెప్పేది. గుమాస్తాలు చీటీల్ని గూళ్లలోకి వేరుచేసి, ఏ గూట్లోవి ఆ గూట్లోనే లెక్కపెట్టేవాళ్లు. దానికి పదకొండేళ్ల ముందు అమెరికాలో హెర్మన్ హోలరిత్ అదే పనిని కరెంటుతో చేయించాడు. మనిషికో అట్టముక్క, వివరానికో చిల్లు. యంత్రం సూదులు చిల్లులోంచి కిందనున్న పాదరసంలోకి దిగితే కరెంటు పారి, ముల్లు ఒక గడి ముందుకి జరిగేది. అసలు తెలివి రిలేలు అనే కరెంటు స్విచ్చుల అమరికలో ఉంది: 'మగవాడు', 'విదేశంలో పుట్టినవాడు' అనే రెండు చిల్లులూ ఉంటేనే ముల్లు కదిలేలా తీగలు కలిపేవాళ్లు. 1890లో ఆరు కోట్ల ఇరవై లక్షల పైచిలుకు జనాన్ని అలా లెక్కించారు. హోలరిత్ పెట్టిన కంపెనీ ఇంకొన్నిటితో కలిసి, 1924 నాటికి ఐబీఎమ్ అయింది.

ఇవాళ ఆ రిలేల పని చేసేది ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్స్ అనే ఫార్ములా. 2007 ఎక్సెల్‌తో వచ్చింది. అంతకు ముందున్న కౌంట్‌ఇఫ్ ఒక్క షరతునే తీసుకునేది. చివర ఒక 'ఎస్' చేరాక చాలా షరతులు ఒకేసారి పెట్టొచ్చు. గూగుల్ షీట్స్‌లోనూ, ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్‌లోనూ ఇదే పేరుతో ఉంది.

ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉందనుకుందాం. పదో తరగతిలో ఎ సెక్షన్‌లో 42 మంది, బి సెక్షన్‌లో 38 మంది. ప్రీఫైనల్ మార్కులు షీట్‌లోకి ఎక్కించారు. ఒక వరసకి ఒక విద్యార్థి రాసిన ఒక సబ్జెక్టు: రోల్ నంబరు, సెక్షన్, సబ్జెక్టు, మార్కులు. ఎనభై మంది, ఆరు సబ్జెక్టులు, మొత్తం 480 వరసలు. ఎ సెక్షన్‌లో లెక్కలు తప్పినవాళ్లెంతమందో కావాలి. ఫార్ములాలో జతలు జతలుగా చెప్పాలి: సెక్షన్ కాలమ్, దాని పక్కన 'ఎ', సబ్జెక్టు కాలమ్, దాని పక్కన 'లెక్కలు', మార్కుల కాలమ్, దాని పక్కన కొటేషన్ గుర్తుల మధ్య '<35'. మూడు షరతులూ నెగ్గిన వరసలే లెక్కలోకి వస్తాయి. అన్ని కాలమ్‌లూ ఒకే వరసలో మొదలై ఒకే వరసలో ముగియాలి. ఒకటి రెండో వరస నుంచి, ఇంకోటి మూడో వరస నుంచి మొదలై పొడవు సమానంగా ఉంటే ఎక్సెల్ నోరెత్తదు. ఎర్రర్ చూపకుండానే తప్పు అంకె ఇచ్చేస్తుంది.

ఇప్పుడు హెచ్‌ఎం గారు అడిగే అసలు ప్రశ్న: పాసయ్యేవాళ్లు ఎంతమంది? కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు 35 లోపు వరసలన్నీ లెక్కపెట్టి 'ముప్ఫై ఒక్కరు తప్పుతున్నారు సార్' అంటే హెచ్‌ఎం గారికి చెమటలు పడతాయి. కాగితం తీసి చూస్తే అవి ముప్ఫై ఒక్క పేపర్లు. నాలుగేసి సబ్జెక్టులు పోగొట్టుకున్నవాళ్లు కొందరున్నారు. మనుషుల లెక్క పదమూడే. వరస అంటే పేపరు అయినప్పుడు మనిషి లెక్క రెండు మెట్లలో రావాలి: ముందు రోల్ నంబరు వారీగా ఎన్ని పేపర్లు పోయాయో తేల్చాలి, తర్వాత సెక్షన్ వారీగా ఆ అంకె సున్నా కంటే ఎక్కువ ఉన్నవాళ్లని లెక్కపెట్టాలి.

ఆ ముప్ఫై ఒకటి కూడా సరైన అంకె కాకపోవచ్చు. తెలుగు రాష్ట్రాల పదో తరగతిలో పాస్ మార్కు 35 అయినా, రెండో భాషగా రాసే హిందీకి చాలా ఏళ్లుగా 20 చాలు. 480 వరసలకీ ఒకే '<35' పెడితే హిందీలో 24 తెచ్చుకున్న పిల్లాడు అన్యాయంగా తప్పినవాళ్లలో పడతాడు. షరతు గుంపుని బట్టి మారుతోందన్నమాట. దీనికి ఫార్ములాని మెలికలు తిప్పడం కంటే పట్టికలోనే ఇంకో కాలమ్ చేర్చుకోవడం మేలు.

ఆ కాలమే ఈ అధ్యాయంలో అన్నిటికంటే అక్కరకొచ్చే ఉపాయం. షరతు నెగ్గితే 1, లేకపోతే 0. అంతే. హిందీ వరసకి 20, తక్కినవాటికి 35 చూసి ఇఫ్ ఫార్ములా ఆ అంకె వేస్తుంది. ఆ కాలమ్‌ని కూడితే నెగ్గిన వరసల సంఖ్య వస్తుంది. దాని సగటు తీస్తే నెగ్గిన వరసల వాటా: 0.83 అంటే 83 శాతం. పివట్ టేబుల్‌లో (వరసల్ని గుంపులు కట్టి చూపే పట్టికలో) సెక్షన్‌నీ సబ్జెక్టునీ ఎడమ పక్కకి లాగి, ఈ కాలమ్‌ని విలువల గడిలోకి రెండుసార్లు లాగి, ఒకదానికి సమ్, రెండోదానికి యావరేజ్ అని చెబితే సంఖ్య, శాతం పక్కపక్కనే నిలుస్తాయి. షరతు ఏమిటో కూడా అందరికీ కనబడే చోట ఉంటుంది. ఎవరికైనా అనుమానమొస్తే ఏ వరసకి 1 పడిందో వేలు పెట్టి చూపించొచ్చు. ఫార్ములా కడుపులో దాగిన షరతుని ఎవరూ తిరిగి చదవరు. ఈ మాట అనుభవం మీద చెప్పే గుమాస్తాలు ఏ ఆఫీసులోనైనా దొరుకుతారు.

ఒకటీ సున్నా పద్ధతికి ఇంకో పెద్ద లాభం ఉంది. గ్రామ సంఘంలో ఇరవై డ్వాక్రా సంఘాలు ఉన్నాయనుకుందాం. ఈ నెల వాయిదా కట్టని సభ్యులు సంఘానికి ఎంతమందో కావాలి. చాలామంది ముందు ఫిల్టర్ పెట్టి 'కట్టనివాళ్లు' మాత్రమే కనబడేలా చేసి, అప్పుడు సంఘాల వారీగా లెక్కపెడతారు. జాబితాలో పద్నాలుగు సంఘాలే వస్తాయి. మిగతా ఆరూ ఏమయ్యాయి? ఒక్కరు కూడా బాకీ పడని సంఘాలవి. కాబట్టి ఫిల్టర్‌లో వాళ్ల వరసలన్నీ కొట్టుకుపోయాయి, వరసలతో పాటు సంఘం పేరూ పోయింది. మెచ్చుకోవాల్సినవాళ్లే జాబితాలో లేరు. ఆపైన 'సంఘానికి సగటున ఇంతమంది బాకీ' అని పద్నాలుగుతో భాగిస్తే, ఇరవైతో భాగించాల్సిన లెక్క కంటే పరిస్థితి ఎక్కువ చెడ్డగా కనబడుతుంది. ఫిల్టర్ పెట్టకుండా ఒకటీ సున్నా కాలమ్‌ని కూడితే ఆ ఆరు సంఘాల పక్కన 0 అని నిండుగా పడుతుంది.

డేటాబేస్‌లతో పనిచేసేవాళ్లకి ఇదే చిక్కు ఎస్‌క్యూఎల్ అనే భాషలో ఎదురవుతుంది. వేర్ అన్న షరతు గుంపులు కట్టకముందే వరసల్ని వడకడుతుంది. గ్రూప్ బై గుంపులు కడుతుంది. హ్యావింగ్ అన్నది గుంపులు కట్టాక వాటిలో కొన్నిటిని వడకడుతుంది. 'బాకీ పడిన సభ్యులు' వేర్ పని. 'ముగ్గురి కంటే ఎక్కువమంది బాకీ పడిన సంఘాలు' హ్యావింగ్ పని. ఈ రెంటికీ తేడా ఏమిటన్నది హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇంటర్వ్యూ ప్రశ్నగా బట్టీ పట్టిస్తారు. బట్టీ పట్టినవాళ్లే ఉద్యోగంలో చేరాక సున్నా సంఘాల్ని పోగొడతారు. సమ్ లోపల కేస్ వెన్ పెట్టి ఒకటీ సున్నా వేయించడం అక్కడ పాత వైద్యం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 2014 నుంచి కౌంట్ పక్కనే ఫిల్టర్ అని రాసి షరతు పెట్టే వీలుంది.

ఖాళీ గడుల సంగతి వేరు. పరీక్షకి రాని పిల్లవాడి మార్కుల గడిలో ఒకరు 'ఏబీ' అని రాస్తారు, ఇంకొకరు ఖాళీగా వదిలేస్తారు, మూడోవారు 0 వేస్తారు. '<35' అన్న షరతు అంకెల్నే చూస్తుంది. సున్నా వేసిన పిల్లవాడు తప్పినవాడవుతాడు. ఏబీ, ఖాళీ రెండూ ఆ షరతుకి దొరకవు, '35, ఆ పైన' అన్న షరతుకీ దొరకవు. పాసైనవాళ్లనీ తప్పినవాళ్లనీ కూడితే 42 రావాల్సిన చోట 39 వస్తుంది. ఒకటీ సున్నా కాలమ్ పెట్టినా ఈ బెడద తప్పదు. పైగా ఎక్సెల్ ఖాళీ గడిని ఇఫ్ లోపల సున్నాగానూ, 'ఏబీ' అన్న మాటని ఏ అంకె కంటేనైనా పెద్దదిగానూ తీసుకుంటుంది. అంటే పరీక్షకే రాని పిల్లవాడు పాసైపోతాడు! రానివాళ్లని ముందే వేరే గుంపుగా నిలబెట్టాలి. ఎస్‌క్యూఎల్‌లో కౌంట్ పక్కన నక్షత్రం గుర్తు పెడితే వరసలన్నీ లెక్కకొస్తాయి, కాలమ్ పేరు పెడితే ఆ గడి నిండిన వరసలే వస్తాయి. రెంటికీ తేడా ఎంతో చూస్తే ఎన్ని గడులు ఖాళీయో తెలిసిపోతుంది.

ఇక తెలుగులో డేటా ఎక్కించేవాళ్లకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. రాజ్‌కుమార్ అన్న పేరులో జకారానికీ కకారానికీ మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది, రెండూ ఒత్తుగా కలిసిపోకుండా ఆపేది. మాట చివర్లో అది ఉన్నా లేకపోయినా తెరమీద ఒకేలా కనిపిస్తుంది. కంప్యూటర్ చాలాసార్లు వాటిని రెండు వేరు మాటలుగా తీసుకుని రెండు గుంపులు కడుతుంది. ఊరి పేరు చివర పొరపాటున పడ్డ ఖాళీదీ అదే వరస. ఇక ఇంటిపేరు ముందు రాసేవాళ్లు, వెనక రాసేవాళ్లు, పొడి అక్షరాలతో సరిపెట్టేవాళ్లు కలిస్తే ఒక మనిషి ముగ్గురవుతాడు. గుంపు పేరుకి మాట కంటే కోడ్ నంబరు నయం. కోడ్ లేకపోతే, లెక్కకి ముందు ఆ కాలమ్‌లో ఉన్న వేర్వేరు పేర్ల జాబితా ఒక్కసారి పైనుంచి కిందికి చదవాలి. పివట్ టేబుల్‌లో ఆ కాలమ్ ఒక్కటే లాగితే జాబితా వచ్చేస్తుంది. పదిహేను ఊళ్లున్న మండలంలో పదిహేడు పేర్లు కనిపిస్తే రెండు ఎక్కడివో వెతకాలి.

'లేదా' అన్న షరతుతో కూడికలు చెడతాయి. లెక్కలు తప్పినవాళ్లు తొమ్మిది, సైన్సు తప్పినవాళ్లు ఏడు అయితే, లెక్కలు గానీ సైన్సు గానీ తప్పినవాళ్లు పదహారు అని రాయకూడదు. రెండూ తప్పినవాళ్లు నలుగురుంటే జవాబు పన్నెండు.

ఎన్నిట్లో అన్న నాలుగో సంగతికి అక్షరాస్యత మంచి ఉదాహరణ. 2011 జనగణన ప్రకారం దేశ జనాభా 121 కోట్ల పైన, అక్షరాస్యులు 76 కోట్ల పైన. ఫోన్‌లో భాగించి చూస్తే 63 శాతం వస్తుంది. ప్రభుత్వం ప్రకటించినది 72.98. దొంగలెక్కేమీ కాదు: 1991 నుంచి అక్షరాస్యత శాతాన్ని ఏడేళ్లు, ఆ పైన వయసున్నవాళ్లలోనే కడుతున్నారు. ఏడేళ్లు నిండని పిల్లలు పదహారు కోట్లకి పైగా ఉన్నారు. వాళ్లని కింద అంకెలోంచి తీసేస్తే 73 దగ్గరికి చేరుతుంది. చంటిపిల్లని నిరక్షరాస్యురాలని రాయడంలో అర్థం లేదు కాబట్టి ఈ పద్ధతి సబబే. కానీ రెండు దశాబ్దాల అంకెల్ని పోల్చేవాళ్లు రెండింటికీ వయసు గీత ఒకటేనా అని చూడాలి. పిల్లలు ఎక్కువున్న రాష్ట్రానికీ తక్కువున్న రాష్ట్రానికీ మొత్తం జనాభాతో భాగించి పోలిక పెడితే, బడుల గురించి చెబుతున్నామనుకుంటూ కాన్పుల గురించి చెప్పినట్టవుతుంది.

అన్నీ సరిచూసుకున్నా, వరసలే రాకపోతే? 2020 అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్‌లో అదే బయటపడింది. ల్యాబుల నుంచి వచ్చిన కోవిడ్ పాజిటివ్ ఫలితాల్ని పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ పాత తరహా ఎక్సెల్ ఫైళ్లలోకి లాగేది. ఆ తరహా ఫైల్లో 65,536 వరసలకి మించి పట్టవు. కొత్త తరహాలో అయితే పది లక్షలు దాటి పడతాయి. ఒక్కో కేసు ఒకటి కంటే ఎక్కువ వరసలు తీసుకోవడంతో ఫైలు ఇంకా తొందరగా నిండిపోయింది. మిగిలినవి చప్పుడు లేకుండా బయటే ఉండిపోయాయి. అలా సెప్టెంబరు 25కీ అక్టోబరు 2కీ మధ్య 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. పాజిటివ్ వచ్చినవాళ్లకి ఫలితం చెప్పారు గానీ, వాళ్లతో మసలినవాళ్లని వెతికే పని రోజుల తరబడి ఆలస్యమైంది. ప్రాంతాల వారీగా గ్రాఫులు గీసినవాళ్ల ఫార్ములాలు ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు. పైనుంచి ఎన్ని వరసలు బయల్దేరాయి, కింద ఎన్ని చేరాయి అన్న కూడిక వేస్తేనే ఇలాంటిది తెలుస్తుంది.

అందుకే లెక్క బయటికి పంపే ముందు రెండు కూడికలు వేయడం అలవాటు చేసుకోవాలి. అన్ని గుంపుల వరసల్నీ కలిపితే షీట్‌లో ఉన్న మొత్తం వరసలు రావాలి. ఒక్కో గుంపులో నెగ్గినవి, తప్పినవి, ఏదీ తేలనివి కలిపితే ఆ గుంపు మొత్తం రావాలి. ఆ తర్వాత ఏదో ఒక చిన్న గుంపు తీసుకుని వేళ్లమీద లెక్కపెట్టి ఫార్ములా జవాబుతో పోల్చాలి. పెద్ద గుంపుతో ఈ పని అవదు, విసుగొచ్చి మధ్యలో వదిలేస్తాం.

పట్టిక కింద రెండు వరసల వివరణ కూడా ఉండాలి. హైస్కూలు హెచ్‌ఎం గారు పై ఆఫీసుకి పంపే కాగితం మీదైతే ఇలా ఉంటుంది: 'ఒక్కో విద్యార్థి ఒక్కసారే లెక్కలోకి వచ్చారు. పాస్ అంటే ఆరు సబ్జెక్టుల్లోనూ పాస్. హిందీకి 20, తక్కినవాటికి 35. ఏ ఒక్క పేపరుకైనా రానివాళ్లు ఎ సెక్షన్‌లో ముగ్గురు, బిలో ఒకరు. వాళ్లని విడిగా చూపాం, శాతంలో కలపలేదు.'